కారు ఏసీ కంప్రెసర్ నిజంగా పోయిందా? మార్చే ముందు వరుసగా చూసుకోవాల్సినవి

ఏప్రిల్ వచ్చేసరికి కారు ఏసీ షాపుల ముందు బండ్లు బారులు తీరతాయి. గాలి వస్తోంది గానీ చల్లగా రావడం లేదన్నది అందరి బాధ. షాపులో వినిపించే జవాబులు కూడా దాదాపు రెండే. "గ్యాస్ అయిపోయింది సార్, పట్టించాలి" అనేది ఒకటి. "కంప్రెసర్ పోయింది, మార్చేయాలి" అనేది రెండోది. మొదటిది కొద్ది ఖర్చుతో పోతుంది, రెండోది చాలా కార్లకు జేబుకు పెద్ద చిల్లే. ఎండలో పిల్లలతో నిలబడ్డ మనిషి ఏది నిజమో తెలియక సరే అనేస్తాడు.

కంప్రెసర్ మీద నింద అన్నిటికంటే చివర పడాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫ్యూజు, రిలే (ఏసీకి కరెంటు కలిపే చిన్న స్విచ్), ఫ్యాను, క్లచ్ (గేరు క్లచ్ కాదు, కంప్రెసర్‌ను బెల్టు పుల్లీతో కలిపేది), గ్యాస్ లీకేజీ, ఇవన్నీ చూసి, వీటిలో ఏదీ కాదని తేలాకే కంప్రెసర్ సంగతి మాట్లాడాలి. ఇంకొకటి కూడా ఉంది. కంప్రెసర్ నిజంగానే పోయినా, చాలాసార్లు దాన్ని పాడు చేసిన కారణం దాని బయటే ఉంటుంది. ఆ కారణం దొరక్కుండా కొత్తది బిగిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. కింద రాసిన వరుసలో సగం పనులకు ఏ పరికరమూ అక్కర్లేదు. మిగతా సగానికి మల్టీమీటర్, గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజులు కావాలి. గేజుల పని మెకానిక్‌కే వదిలినా, ఆయన ఏం చూస్తున్నారో మీకు అర్థమైతే చాలు.

ముందు కంప్రెసర్ చేసే పని తెలియాలి

డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ ఉంటుంది. అందులో గ్యాస్ మరుగుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్‌-134ఏ అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనం దగ్గర సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది, అందుకే తక్కువ ఒత్తిడిలో అది అంత చల్లగా ఉండగలదు. వేడి పీల్చుకున్న ఆ ఆవిరిని కంప్రెసర్ లాగి, గట్టిగా ఒత్తి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి తోస్తుంది. ఒత్తిడి పెరగడంతో ఆ ఆవిరి బయటి ఎండ కంటే వేడెక్కుతుంది. అప్పుడే అది తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవంగా మారగలదు. తేమను పీల్చే డ్రయర్ బాటిల్ గుండా వెళ్లి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర సన్నని రంధ్రంలోంచి దూరేసరికి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, మళ్లీ చల్లబడుతుంది.

కాబట్టి కంప్రెసర్ బాగుందా అంటే ఒకటే ప్రశ్న: ఒకవైపు లాగుతూ, ఇంకోవైపు ఒత్తిడి పెంచగలుగుతోందా? మనం చేసే పరీక్షలన్నీ దీని చుట్టూనే.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఆయిల్ విషయం. కంప్రెసర్‌కు ఇంజన్‌లో ఉన్నట్టు వేరే ఆయిల్ పంపు వ్యవస్థ చాలా వాటిలో ఉండదు. గ్యాస్‌తో కలిసి పైపుల్లో తిరుగుతూ వచ్చే ఆయిలే దాని ప్రాణం. గ్యాస్ కారిపోతే ఆయిల్ కొంత దాంతోనే పోతుంది, మిగిలింది కూడా సరిగా తిరిగి రాదు. ఎండిపోయి తిరిగిన కంప్రెసర్ లోపల అరిగి, చివరికి బిగుసుకుపోతుంది. లీకు చూడకుండా ఏటా గ్యాస్ పట్టించుకునే కార్లలో కంప్రెసర్లు త్వరగా పోవడానికి ఇదే కారణం.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

కారును ఖాళీ స్థలంలో, గాలి ఆడేచోట ఆపండి. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకూడదు. గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోండి. రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం, ఇంజన్ ఆపినా కొన్ని కార్లలో తిరుగుతుంది.

ఏసీ పైపుల నట్లు ఏ కారణంతోనూ విప్పవద్దు. బయటికి చిమ్మే ద్రవం తగిలితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. గ్యాస్‌ను గాల్లోకి వదలడం వాతావరణానికి కూడా పెద్ద హాని.

మీది ఎలక్ట్రిక్ కారో, స్ట్రాంగ్ హైబ్రిడ్డో (ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) అయితే బానెట్ తెరిచి చేసే పనులు మీకు కావు. వాటిలో కంప్రెసర్‌ను వందల వోల్టుల కరెంటు నడుపుతుంది. నారింజ రంగు తీగలు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. లోపలి పరీక్షలు మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు.

1. సీట్లో కూర్చునే చూడాల్సినవి

ఇంజన్ స్టార్ట్ చేసి, కిటికీలు రెండు నిమిషాలు దించి లోపలి వేడిని పోనివ్వండి. తర్వాత అద్దాలు ఎత్తి, టెంపరేచర్ నాబ్‌ను పూర్తిగా చలి వైపు తిప్పండి. లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, బ్లోయర్‌ను పెద్ద స్పీడులో పెట్టి, ఏసీ స్విచ్ వేయండి. స్విచ్ లైటు వెలగాలి. చాలా కార్లలో బ్లోయర్ సున్నాలో ఉంటే కంప్రెసర్ అసలు పట్టుకోదు, ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు గాలి తక్కువగా వస్తోందా, వేడిగా వస్తోందా అన్నది విడదీసి చూడాలి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం తికమక వస్తుంది. గాలి చల్లగానే ఉండి సన్నగా వస్తుంటే కంప్రెసర్‌ది తప్పే కాదు. గ్లవ్‌బాక్స్ వెనకాల ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. హైదరాబాద్ లాంటి దుమ్ము ఊళ్లలో అది ఆకులతో, మట్టితో అట్టకట్టి ఉంటుంది. ఫిల్టర్ మార్చిన మరునిమిషం ఏసీ బాగైపోయిన కార్లు ఎన్నో.

గాలి జోరుగా వచ్చినా చల్లదనం లేకపోతే థర్మామీటర్ పెట్టండి. చిన్న డిజిటల్ థర్మామీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. దాని మొనను మధ్యలో ఉండే గాలి జాలీలోకి దూర్చి, ఇంజన్‌ను 1500 ఆర్పీఎం దగ్గర ఉంచి పది నిమిషాలు ఆగండి. బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు 6 నుంచి 10 డిగ్రీల మధ్య గాలి వస్తే వ్యవస్థ బాగున్నట్టే. రామగుండం, రెంటచింతల వైపు 44, 45 తాకే మధ్యాహ్నాల్లో, కారు నిలబడి ఉండగా 12, 15 డిగ్రీలు వచ్చినా అది జబ్బు కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో ఉక్కపోత ఎక్కువ. అక్కడ ఏసీ శక్తిలో పెద్ద భాగం గాలిలోని తేమను నీరుగా మార్చడానికే ఖర్చవుతుంది. అందుకే అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుంది, కారు కింద నీళ్లు మాత్రం ధారగా కారతాయి.

ఆ నీటి బొట్లనూ గమనించండి. ఏసీ వేసిన పది పదిహేను నిమిషాలకు ముందు సీటు కింది భాగంలో నేల మీద నీళ్లు పడుతున్నాయంటే లోపల కూలింగ్ కాయిల్ చల్లబడుతోంది, కంప్రెసర్ ఎంతో కొంత పని చేస్తోంది. కాయిల్ చల్లగా ఉండి గాలి మాత్రం వెచ్చగా వస్తుంటే హీటర్ వైపు తలుపు సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. వేడి, చలి కలిపే ఆ చిన్న తలుపు డ్యాష్‌బోర్డు లోపలే ఇరుక్కుపోవడం కొత్త విషయం కాదు.

ఇక్కడే ఇంకో పని చేయండి. చల్లదనం ఎప్పుడు ఉంటోంది, ఎప్పుడు పోతోంది అన్నది రెండు మూడు రోజులు గమనించి కాగితం మీద రాసుకోండి. మెకానిక్‌కు ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుంటే ఎక్కువసార్లు తప్పు కండెన్సర్ ఫ్యాన్‌ది, లేదా దుమ్ముపట్టిన కండెన్సర్‌ది. పొద్దున బాగుండి, మధ్యాహ్నం గంట ప్రయాణం తర్వాత హఠాత్తుగా ఆగిపోయి, కారు చల్లారాక మళ్లీ పని చేస్తే క్లచ్ గ్యాప్ పెరిగిందని అనుమానించాలి. మొదట గడ్డకట్టేంత చలి వచ్చి, తర్వాత గాలే సన్నబడిపోయి, పది నిమిషాలు ఏసీ ఆపితే మళ్లీ వస్తుంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. కాయిల్ చలిని కొలిచే థర్మిస్టర్ పాడై, కంప్రెసర్‌ను ఆపాల్సిన సమయంలో ఆపకపోవడం దీనికి మామూలు కారణం. ఏడాదికేడాదికి మెల్లగా చలి తగ్గుతూ వస్తే లీకు.

2. బానెట్ ఎత్తి క్లచ్ చూడటం

ఇంజన్ ముందువైపు బెల్టుతో తిరిగే పుల్లీల్లో, రెండు అల్యూమినియం పైపులు వచ్చి కలిసేది కంప్రెసర్. చాలా కార్లలో కిందివైపు ఉంటుంది, టార్చ్ కావాలి. దాని పుల్లీ ముందు చిన్న గుండ్రటి ప్లేటు ఉంటుంది. అదే అయస్కాంత క్లచ్ ముందు భాగం.

ఏసీ ఆపి ఉన్నప్పుడు పుల్లీ తిరుగుతుంది, మధ్యలోని ప్లేటు కదలదు. ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి ఏసీ వేయించండి. "టక్" మని చప్పుడు రావాలి, ప్లేటు పుల్లీతో కలిసి తిరగాలి. ఇంజన్ ఒక్క క్షణం బరువెక్కి, మళ్లీ సర్దుకుంటుంది. వెంటనేనో కాసేపటికో రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగడం మొదలవుతుంది. అది తిరగకపోతే కంప్రెసర్ సంగతి పక్కనపెట్టి ముందు ఫ్యాన్ చూడండి.

ఇక్కడ కనిపించేదాన్ని బట్టి దారి మారుతుంది. ప్లేటు అసలు తిరగకపోతే 3వ మెట్టుకు వెళ్లండి. తిరుగుతూ కూడా చల్లబడకపోతే 4వ మెట్టు చూడండి. కొన్ని సెకన్లకోసారి పట్టుకుంటూ, వదులుతూ ఉంటే గ్యాస్ తక్కువైందని మొదటి అనుమానం. గ్యాస్ చాలనప్పుడు ఒత్తిడి పడిపోగానే దాన్ని గమనించే ప్రెజర్ స్విచ్ క్లచ్‌ను వదిలేస్తుంది, ఆగగానే ఒత్తిడి పెరిగి మళ్లీ పట్టుకుంటుంది. చలికాలం రోజుల్లోనో, లోపల పూర్తిగా చల్లబడ్డాకో ఆగి ఆగి పట్టుకోవడం మాత్రం మామూలే. ప్లేటు ఆగి ఉండి, పుల్లీ కూడా ఆగి, బెల్టు కీచుమంటూ కాలిన వాసన వస్తే వెంటనే ఇంజన్ ఆపేయండి. పుల్లీ బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. ఏసీ వేసినప్పుడు మాత్రమే బెల్టు అలా జారితే లోపల కంప్రెసరే బిగుసుకుని ఉండొచ్చు. అదే బెల్టు మీద ఆల్టర్నేటరు, కొన్ని కార్లలో వాటర్ పంపు కూడా ఆధారపడి ఉంటాయి కాబట్టి ఆ స్థితిలో బండి నడపడం ప్రమాదం.

కొత్త కార్లు కొన్నింటిలో ఈ క్లచ్చే ఉండదు. కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి పిస్టన్ల కదలికను తగ్గించి పెంచే కంట్రోల్ వాల్వ్ చలిని సర్దుతుంది. అలాంటి దానిలో "టక్" శబ్దం కోసం ఎదురుచూసి, రాలేదని కంప్రెసర్ పోయిందనుకోకూడదు. ఆ కంట్రోల్ వాల్వ్ తక్కువ స్థాయిలో ఇరుక్కుపోతే బాగున్న కంప్రెసర్ కూడా పూర్తిగా చచ్చినట్టే కనిపిస్తుంది. చాలా మోడళ్లలో ఆ వాల్వ్ ఒక్కటే మార్చుకోవచ్చు. షాపులో ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

3. క్లచ్ పట్టుకోకపోతే కరెంటు దారి వెతకడం

ముందు ఫ్యూజు. బానెట్ కింద ఉండే ఫ్యూజ్ బాక్సు మూత మీద ఏసీ ఫ్యూజు, రిలే ఎక్కడున్నాయో గుర్తులుంటాయి. ఫ్యూజు కాలిపోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి, ఎక్కువ ఆంపియర్లది వేయకూడదు. మళ్లీ కాలితే క్లచ్ కాయిల్‌లోనో తీగలోనో షార్ట్ ఉంది.

తర్వాత రిలే. అదే బాక్సులో హారన్‌కో ఇంకోదానికో అచ్చంగా అదే నంబరు రిలే ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. ఏసీ పట్టుకుందంటే చిన్న ఖర్చుతో పని అయిపోయింది.

అప్పటికీ పట్టుకోకపోతే మల్టీమీటర్ తీయాలి. కంప్రెసర్ దగ్గరికి వచ్చే చిన్న కనెక్టర్ విప్పి, ఏసీ వేసి, తీగ వైపు వోల్టేజి చూడండి. 12 వోల్టుల పైన వస్తున్నా క్లచ్ పట్టుకోకపోతే తప్పు క్లచ్‌దే. ఇంజన్ ఆపి కాయిల్ రెసిస్టెన్స్ చూడండి, సాధారణంగా 3 నుంచి 5 ఓమ్‌లు ఉంటుంది. ఓపెన్ చూపిస్తే కాయిల్ తెగింది. సున్నాకు దగ్గరగా చూపిస్తే షార్ట్.

కాయిల్ బాగుంటే గ్యాప్ చూడాలి. ప్లేటుకు, పుల్లీకి మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) పెడితే చాలా కార్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. ఏళ్ల తరబడి అరిగి అది పెరుగుతుంది. వేడెక్కినప్పుడు కాయిల్ రెసిస్టెన్స్ పెరిగి అయస్కాంతం బలం తగ్గుతుంది, పెద్దదైన గ్యాప్‌ను దాటి ప్లేటును లాగలేకపోతుంది. పొద్దున పనిచేసి మధ్యాహ్నం మొరాయించే కార్ల రహస్యం చాలావరకు ఇదే. లోపలి షిమ్ (సన్నని వాషర్) ఒకటి తీస్తే గ్యాప్ సరిపోయే క్లచ్‌లు చాలా ఉన్నాయి. లేదంటే క్లచ్ సెట్ ఒక్కటే మార్చుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల క్లచ్ పని చేసేవాళ్లు దొరుకుతారు. క్లచ్ పోయినందుకు కంప్రెసర్ మొత్తం మార్చడం అన్యాయమైన ఖర్చు.

కనెక్టర్‌కు కరెంటే రాకపోతే ఎవరో ఆపుతున్నారు. గ్యాస్ ఒత్తిడి సుమారు 2 బార్ల కన్నా పడిపోతే ప్రెజర్ స్విచ్ ఆపేస్తుంది. సుమారు 30 బార్లు దాటినా ఆపేస్తుంది. ఇంజన్ హీటెక్కినా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కంప్రెసర్‌ను వదిలేస్తుంది. థర్మిస్టర్ తప్పు చూపినా అంతే. ఆ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి చూస్తే ఏసీ అభ్యర్థన వస్తోందా, ప్రెజర్ సెన్సర్ ఎంత చూపిస్తోందీ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ప్రెజర్ స్విచ్ తీగలు కలిపేసి, లేదా బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి క్లచ్‌ను పట్టించి "నడుస్తోంది చూడండి" అని చూపిస్తారు కొందరు. గ్యాస్ ఉందని గేజుతో తేలాక, ఒకటి రెండు సెకన్లు క్లచ్ పట్టుకుంటుందో లేదో చూడటానికైతే సరే. గ్యాస్ లేని వ్యవస్థలో అలా నడిపితే ఆయిల్ లేక కంప్రెసర్ లోపల అరిగి పాడైపోతుంది. ఆ స్విచ్ ఉన్నదే దాన్ని కాపాడటానికి.

4. తిరుగుతోంది, చల్లబడటం లేదు: చేత్తో, నీళ్లతో, చెవితో

ఏసీ అయిదు నిమిషాలు నడిచాక కంప్రెసర్ దగ్గరి రెండు పైపులను గమనించండి. లావు పైపు కూలింగ్ కాయిల్ నుంచి వస్తుంది, చల్లగా, చెమట పట్టినట్టు తడిగా ఉండాలి. సన్న పైపు కండెన్సర్‌కు వెళ్తుంది, బాగా వేడిగా ఉండాలి. వేలితో లిప్తపాటు మాత్రమే తాకండి, చర్మం కాలేంత వేడి ఉండొచ్చు. రెండింటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు తెలిస్తే కంప్రెసర్ ఒత్తిడి పెంచుతోంది. రెండూ దాదాపు ఒకేలా ఉంటే గ్యాస్ లేకపోవడమో, కంప్రెసర్ ఒత్తలేకపోవడమో అవుతుంది. ఈ రెండింటినీ చెయ్యి విడదీయలేదు, గేజులే విడదీయాలి.

గేజుల దాకా వెళ్లే ముందు నీళ్ల పరీక్ష చేయండి, ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. బకెట్ నీళ్లు తీసుకుని, ఏసీ నడుస్తుండగా ముందు గ్రిల్ లోంచి కండెన్సర్ మీద మెల్లగా పోయండి. కనెక్టర్ల మీద, ఫ్యాన్ మోటార్ మీద పడకుండా చూడండి. రెండు నిమిషాల్లో లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడితే కంప్రెసర్ నిర్దోషి. వేడి బయటికి పోవడం లేదంతే. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందా, కండెన్సర్ రెక్కల్లో పురుగులు, మట్టి పేరుకున్నాయా చూసి శుభ్రం చేయిస్తే చాలు. ఎక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగితే రెక్కలు వంగిపోతాయి, మామూలు గొట్టం నీళ్లే వాడండి.

ఇక చెవి. ఏసీ వేసినా ఆపినా గరగరమనే శబ్దం ఆగకుండా వస్తుంటే అది పుల్లీ బేరింగో, బెల్టు టెన్షనరో. ఏసీ ఆపితే పోయి, వేయగానే వస్తే అనుమానం కంప్రెసర్ లోపలి భాగాల మీదికి వెళ్తుంది. ఏసీ వేసినప్పుడు మాత్రమే బెల్టు కీచుమంటే బెల్టు వదులా, కంప్రెసర్ బరువుగా తిరుగుతోందా చూడాలి. ఇంజన్ ఆపి, చల్లారాక, మధ్య ప్లేటును చేత్తో తిప్పి చూడండి. కొంచెం బరువుగా, ఒకే తీరుగా తిరగాలి. గట్టిగా పట్టేస్తే లోపల బిగుసుకుంది. మధ్యమధ్య గరుకుగా తగిలితే అరుగుదల. ఏ బరువూ లేకుండా గాలిలో తిరిగినట్టు తిరిగితే గ్యాస్ పూర్తిగా పోయి ఉండొచ్చు, లోపల ఏదైనా విరిగి కూడా ఉండొచ్చు.

5. గేజులు చెప్పే మాట

గేజుల సెట్‌లో నీలం రంగు తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపు ఎక్కువ ఒత్తిడి వైపు. ఆర్‌-134ఏ కార్లలో రెండు పోర్టుల సైజులు వేరు కాబట్టి తారుమారయ్యే అవకాశం లేదు. కొత్త కార్లలో ఆర్‌-1234వైఎఫ్ ఉంటే దాని కప్లర్లు వేరు, ఆ గ్యాస్‌కు కొంత మండే గుణం కూడా ఉంది. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో బానెట్ లోపలి లేబుల్ మీద ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంజన్ ఆపి, కారు బాగా చల్లారి ఉంటే రెండు గేజులూ ఒకే అంకె చూపాలి. ఆర్‌-134ఏ అయితే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ (టైరు గాలికి వాడే ఒత్తిడి కొలతే), 40 డిగ్రీల దగ్గర 130 పీఎస్ఐ పైన. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఈ అంకె సరిగా ఉందంటే గ్యాస్ నిండుగా ఉందని కాదు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు సగం గ్యాస్ ఉన్నా, నిండా ఉన్నా ఒత్తిడి ఒకటే. ఆ అంకె కంటే బాగా తక్కువ ఉంటే మాత్రం గ్యాస్ చాలావరకు పోయిందని తేలినట్టే. ఇక కంప్రెసర్‌ను నడపకుండా లీకు వెతకాలి.

నడిపి చూసేటప్పుడు తలుపులు తెరిచి, బ్లోయర్ పెద్ద స్పీడులో, ఇంజన్ 1500 ఆర్పీఎంలో ఉంచాలి. బయట 30 డిగ్రీలున్నప్పుడు తక్కువ వైపు 25 నుంచి 40, ఎక్కువ వైపు 160 నుంచి 230 పీఎస్ఐ మధ్య ఉంటే మంచిదే. 40 డిగ్రీల ఎండలో తక్కువ వైపు 40 నుంచి 55, ఎక్కువ వైపు 260 నుంచి 320 దాకా పోవచ్చు. కారును బట్టి కొంత మారుతుంది.

రెండు వైపులా తక్కువ ఉంటే గ్యాస్ తక్కువ. రెండు వైపులా బాగా ఎక్కువ ఉంటే ఫ్యాన్, కండెన్సర్ లోపం, లేదా ఎవరో గ్యాస్ మోతాదు మించి నింపారు. తక్కువ వైపు దాదాపు సున్నాకో వాక్యూమ్‌కో పడిపోతే దారిలో ఎక్కడో అడ్డు పడింది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ లేదా డ్రయర్. వాక్యూమ్ లాగగలుగుతోందంటే కంప్రెసర్ బలంగానే ఉందని కూడా అర్థం.

కంప్రెసర్ బలహీనమైందని చెప్పే గుర్తు వేరు. తక్కువ వైపు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంటుంది, ఎక్కువ వైపు ఉండాల్సినదానికంటే తక్కువ ఉంటుంది. ఉదాహరణకు ఒకవైపు 70, రెండోవైపు 130. ఆర్పీఎంను 2000 పైకి పెంచినా రెండు ముళ్లూ పెద్దగా కదలవు. ఏసీ ఆపగానే క్షణాల్లో రెండూ కలిసిపోతాయి, బాగున్న వ్యవస్థలో అవి కలవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇలా కనబడితే పిస్టన్లో, లోపలి వాల్వులో అరిగాయని నమ్మవచ్చు.

అయినా తీర్పు ఇచ్చే ముందు ఒక్కసారి లావు పైపు తాకండి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా తక్కువ వైపు ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఆ పైపు, కంప్రెసర్ ఒంటి దాకా చల్లగా, చెమటతో నిండి ఉంటుంది. అరిగిన కంప్రెసర్ అయితే పైపులో ఆ చలి ఉండదు. కంట్రోల్ వాల్వ్ ఉన్న రకం అయితే స్కానర్‌తో ఆ వాల్వుకు ఆదేశం వెళ్తోందో లేదో కూడా చూడాలి.

6. లీకు, ఆయిల్ మరకలు

ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసిన వ్యవస్థలో తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్లకేళ్లు గడిస్తే కొంచెం పోతుంది గానీ, పోయినేడు పట్టించిన గ్యాస్ ఈ ఏడు లేదంటే రంధ్రం ఉన్నట్టే.

గ్యాస్ పోయేచోట ఆయిల్ చెమ్మ, దానికి అంటిన దుమ్ము కనిపిస్తాయి. కంప్రెసర్ క్లచ్ వెనకవైపు, ఒంటి జాయింట్లు, పైపుల ఓ-రింగులు, రాళ్లు తగిలే కండెన్సర్ ముందు భాగం టార్చ్ వేసి చూడండి. సబ్బు నురుగు పెద్ద లీకులనే పట్టిస్తుంది. చిన్నవాటికి యూవీ డై వేసి కొన్ని రోజుల తర్వాత యూవీ లైటు కింద చూడటం, లేదా నైట్రోజన్ నింపి ఒత్తిడి పెట్టి చూడటం మంచి పద్ధతులు. లీకు సీలు చేసే ద్రవాలు కలిపిన డబ్బాలు వాడొద్దని నా సలహా. అవి చిన్న రంధ్రాల్లో అడ్డుపడి, ఆ తర్వాత గ్యాస్ తీసే మెషిన్లను కూడా పాడు చేస్తాయి. తక్కువ ధర అని ఎల్‌పీజీ లాంటి మండే గ్యాస్ కలిపి నింపేవారి దగ్గరికి అసలు వెళ్లకండి. లీకైతే అది చేరేది మీరు కూర్చునే చోటికే.

7. నిజంగానే మార్చాల్సి వస్తే

పాత కంప్రెసర్ విప్పాక అందులోని ఆయిల్‌ను తెల్ల కాగితం మీద పోయించి మీ కళ్లతో చూడండి. కొంచెం పసుపు రంగులో తేటగా ఉంటే లోపలి పైపులు శుభ్రంగానే ఉన్నాయి. నల్లగా, వెండి పొడి మెరుస్తూ ఉంటే అరిగిన లోహం వ్యవస్థ అంతా పాకింది. ఆ స్థితిలో ఒక్క కంప్రెసర్ మార్చడం డబ్బు పారేసుకోవడమే. పైపులు, కూలింగ్ కాయిల్ ఫ్లష్ చేయించి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తవి వేయించాలి. ఇప్పటి కండెన్సర్లలో దారులు మరీ సన్నవి కాబట్టి లోహపు పొడి పూర్తిగా బయటికి రాదు, దాన్ని కూడా మార్చడమే మేలు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ పొడి మిగిలితే కొత్త కంప్రెసర్ కొద్ది నెలల్లోనే మళ్లీ షాపుకు తెస్తుంది.

వ్యవస్థ తెరిచిన ప్రతిసారీ డ్రయర్ మార్చాలి. అందులోని పదార్థం తేమను పీల్చేది, గాలి తగిలితే త్వరగా నిండిపోతుంది. ఆయిల్ ఏ రకమో, ఎంతో కంపెనీ చెప్పినట్టే వేయాలి. సాధారణ కార్లలో పీఏజీ ఆయిల్, అందులోనూ 46, 100, 150 అని చిక్కదనం వేరు. ఎలక్ట్రిక్ కార్ల కంప్రెసర్లలో చాలావాటికి పీఓఈ ఆయిల్ వాడతారు. అక్కడ పీఏజీ కలిస్తే కరెంటు ఇన్సులేషన్ దెబ్బతింటుంది. కొత్త కంప్రెసర్‌లో ఎంత ఆయిల్ ముందే ఉందో చూసి మిగతాది కలపాలి. ఎక్కువ పోసినా చలి తగ్గుతుంది.

బిగించాక వాక్యూమ్ కనీసం అరగంట లాగించి, పంపు ఆపి పదిహేను ఇరవై నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో చూడమనండి. గ్యాస్‌ను తూకం వేసి, లేబుల్ మీద ఉన్నన్ని గ్రాములే నింపాలి. చిన్న కార్లకు అర కిలో లోపే సరిపోతుంది. అంత తక్కువలో యాభై, అరవై గ్రాముల తేడా కూడా చలి మీద తెలుస్తుంది. గేజు చూసి అంచనాతో నింపేవారి కంటే తూకం వేసే షాపు వెతుక్కోవడం మంచిది.

పాత కంప్రెసర్ మీకు చూపించమని ముందే చెప్పండి. బిల్లు మీద గ్యాస్ గ్రాములు, ఆయిల్ రకం, మార్చిన భాగాలు, వారంటీ గడువు రాయించుకోండి. కారు తీసుకునేటప్పుడు అక్కడే థర్మామీటర్ పెట్టి, బయటి ఎండ ఎంత, లోపలి గాలి ఎంత, రెండూ ఆ బిల్లు వెనకే రాసి పెట్టుకోండి. వచ్చే వేసవిలో అనుమానం వస్తే అంతే ఎండలో మళ్లీ కొలిచి పోల్చుకోవచ్చు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి, కంప్రెసర్ షాఫ్ట్ దగ్గర గ్యాస్ కారకుండా ఆపే సీలుకు ఆయిల్ అందుతుంది.